వంటవాడి పతకం

దర్జీ కొడుకు యుద్ధంలో చనిపోయిన ఏడాదికి పతకం వచ్చింది. వీధి చివర సభకు పందిరి వేసి, కుర్రాడి నిలువెత్తు బొమ్మ పెట్టారు. బొమ్మలో అతని చేతిలో తుపాకీ ఉంది. దాన్ని అతికించింది ఫొటో స్టూడియో వాడు, అతికించమన్నది దర్జీయే.

కొడుకు సైన్యంలో వంటవాడు. ఆ సంగతి తెలిసిన రోజు దర్జీకి తల కొట్టేసినట్టయింది. "గరిటె తిప్పడానికా అంత దూరం పోయావు?" అని మండిపడ్డాడు. షాపుకొచ్చిన వాళ్లకు మాత్రం, మావాడు ముందు వరసలో ఉంటాడని మిషన్ తొక్కుతూనే కోతలు కోశాడు. సెలవుకొచ్చినప్పుడు ఎవరేమడిగినా కొడుకు నవ్వి ఊరుకునేవాడు.

సభ రోజు పొద్దున్నే ఒక సిపాయి చంకకర్రల మీద షాపులోకి వచ్చాడు.

"ఆ రోజు కొండ మీద చిక్కుకుపోయాం బాబాయ్. అన్నం గిన్నెలు మోసుకుని మీవాడొక్కడే వచ్చాడు. అంతలో కాల్పులు మొదలయ్యాయి. గిన్నెలు పడేసి నన్ను భుజానేసుకుని దించాడు. మళ్లీ ఎక్కి ఇంకొకణ్ణి తెచ్చాడు. ఇక వద్దురా అన్నాను. 'కొండ మీద మిగిలినవాడు అసలే ఆకలికి ఆగలేడన్నా' అని నవ్వి వెళ్లాడు. తిరిగి రాలేదు."

లోపలి గుమ్మం దగ్గర దర్జీ భార్య అంతా వింటోంది. సిపాయి గొంతు తగ్గించాడు.

"సభలో వంట సంగతి ఎత్తన్లెండి. మా నాన్న పరువు పోతుంది, ఎవరికీ చెప్పకండని మా అందరి దగ్గరా ఒట్టేయించుకున్నాడు."

నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది దర్జీకి.

సభలో సిపాయి అన్న మాట ప్రకారం, ధైర్యంగా ప్రాణమిచ్చాడని మాత్రం చెప్పి కూర్చున్నాడు. పతకంతో పాటు మైకు కూడా దర్జీ చేతికి వచ్చింది. నిజం గొంతు దాకా వచ్చింది. ఎదురుగా చూస్తే, ఇన్నేళ్లూ తన కోతలు విన్న ముఖాలే.

"మావాడు... ముందు వరసలో..." అని నసిగి ఆగిపోయాడు.

కింద కూర్చున్న అతని భార్య లేచింది. "మావాడు వంటవాడండీ. అన్నం తీసుకెళ్లి, మనుషుల్ని మోసుకొచ్చాడు. ఆ తుపాకీ బొమ్మ తీసేయండి."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ముసలాయన ఒకడు లేచి నిలబడ్డాడు. ఆ వెంటనే పందిరంతా లేచింది. ఎవరు నవ్వుతారని ఇన్నాళ్లూ భయపడ్డాడో వాళ్లంతా నిలబడితే, దర్జీ ఒక్కడే కుర్చీలో కూలబడిపోయాడు.

సాయంత్రం సిపాయిని బస్సెక్కించడానికి వెంట వెళ్లాడు. బస్టాపులో నిలబడి అడిగాడు.

"మావాడి వంట బాగుండేదా నాయనా?"

"అదేంటి బాబాయ్, మీరెప్పుడూ తిన్లేదా?"

సెలవుకొచ్చిన ప్రతిసారీ వాడు వంటింట్లో అడుగుపెట్టబోతే తానే కసిరి పంపేవాణ్ణని ఎలా చెప్పాలో దర్జీకి తెలియలేదు. బస్సు వచ్చేదాకా తలెత్తలేదు.