యారాలి పాలు

నోరు తెరుచుకుంది. కళ్ళు మూసుకున్నాయి. గుప్పిళ్ళు బిగుసుకున్నాయి. ముఖమంతా ఎర్రబడి, గడ్డం వణికింది.

చప్పుడు లేదు.

పాప ఏడుస్తోంది — చప్పుడు లేదు.

ఉయ్యాల పక్కన కూర్చున్న లలిత వంగి చెవి పెట్టింది. ఎండుటాకు మీద ఎండుటాకు జరిగినట్టు... అంతే. గొంతులో ఎక్కడో ఇంత గాలి. బయట మెదక్ మీద భాద్రపదపు ముసురు. పెంకుల మీద చినుకులు. ఆ చినుకుల ముందు కూడా పాప ఏడుపు నిలవలేదు.

లలితకు ఈ ఏడుపు తెలుసు.

తొలిచూలు కొడుకు ఇలాగే ఏడ్చాడు. మూడో నెలలో. ముందు గొంతు పోయింది. తర్వాత పాలు పట్టడం మానాడు. తర్వాత...

ఈ పాపకు ఇప్పుడు మూడో నెల.

అప్పుడే పక్కగదిలో వజ్రమ్మ కొడుకు ఏడ్చాడు.

ఏం ఏడుపు అది! దూలం మీది పిచ్చుక లేచిపోయింది. ఆకలికి ఒక ఏడుపు, నిద్రకు ఒక ఏడుపు, ఏమీ లేకపోయినా ఒక ఏడుపు. గొంతును నీళ్ళలా పారబోస్తాడు వాడు.

లలిత పళ్ళు బిగించింది.

ఒక్కటి ఇస్తే ఏం పోతుంది... వాడి ఏడుపుల్లో ఒక్కటి.

వజ్రమ్మ ఆమె యారాలు. బావగారి భార్య. ఎండాకాలంలో ఎల్దుర్తి నుంచి బండి కట్టించుకుని వచ్చింది. సంఘం వాళ్ళకు బువ్వ పెట్టాడని బావ మీద రజాకార్లు పగబట్టారు. కళ్ళంలో కుప్పకు నిప్పు పెట్టారు. బావ అడవి పట్టాడు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు. వజ్రమ్మ చంకలో పిల్లవాడితో, జొన్న బస్తాలతో, ఒక విసుర్రాయితో మరిది ఇంటి ముందు దిగింది.

దిగినప్పుడు లలిత ఆమెను పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

జాలి నిజమే.

జాలి వెనకాలే వచ్చింది చూడు... అదీ నిజమే.

కుప్ప కాలిపోయిన మనిషి. మొగుడి జాడ తెలియని మనిషి. అటువంటి మనిషిని చూసి కుళ్ళుకోవడానికి ఎంత సిగ్గులేని గుండె ఉండాలి! లలితకు ఉంది. పాలతో రైక తడిసి, చెంగు అడ్డం వేసుకుని తిరిగే వజ్రమ్మను చూసింది. అంతే... ఉంది.

ఈ ఇంట్లో తిండి తెల్లగా ఉంటుంది.

లలిత భర్త కరుణాకర్ రైసు మిల్లులో గుమాస్తా. మిల్లు బియ్యం గాజుపూసల్లా ఉంటాయి. అన్నం మెతుకు మెతుకూ విడిగా నిలబడుతుంది. వీధిలో సగం ఇళ్ళు ఇంకా దంపుడు బియ్యమే తింటున్నాయి. అత్త ఆ మాట నలుగురూ వినేలా అంటుంది.

బాలింతకు ఇంకా తెల్లటి తిండి. గంజి వార్చిన మిల్లు బియ్యం అన్నం. ఎల్లిగడ్డ కారం. నెయ్యి. అంతే. పప్పు వాతం. ఆకుకూర చలువ. కాయగూర పడదు. అయిదో నెల దాటేదాకా ఇదే పథ్యం. అత్త తిన్న పథ్యం. అత్తకు అత్త తిన్న పథ్యం.

మిల్లులో రాలిన తవుడు బస్తాల్లో వస్తుంది... బర్రెకు. బర్రె నున్నగా మెరుస్తుంది. దూడ గంతులేస్తుంది.

వజ్రమ్మ తిండి వేరు. తెల్లవారితే విసుర్రాయి గురగురలాడుతుంది. పొట్టుతో సహా విసిరిన జొన్నపిండి. పీట మీద తట్టిన రొట్టె. పొట్టు తీయని పెసరపప్పు. అందులోకి పెరటి గోడ పక్కన వానకు మొలిచిన గునుగాకు, పుంటికూర, తోటకూర... ఏది చేతికందితే అది. మీద ముంతెడు చల్ల.

అత్త మూతి తిప్పేది. "బాలింతవు... గా గడ్డిగాదం తింటవేందే? నీకూ బర్రెకూ ఫరకే లేదు."

వజ్రమ్మ నవ్వేది. "బర్రె మంచిగనే ఉన్నది గద అత్తమ్మా!"

ఆ నవ్వు కూడా లలితకు మంటే.

పాప రొమ్ము పట్టడం మానింది. పట్టినా కక్కుతోంది. ఒక మధ్యాహ్నం వజ్రమ్మ ఏమీ అడగలేదు. వచ్చి పాపను ఒళ్ళోకి తీసుకుంది. పాప తల అటు తిప్పింది, ఇటు తిప్పింది... పట్టింది.

గుటక.

ఇంకో గుటక.

లలిత చూడకూడదనుకుంది. చూసింది. తన దగ్గరా పాలున్నాయి. నొప్పి పుట్టేటన్ని ఉన్నాయి. తన పాలు కక్కిన బిడ్డ — తన బిడ్డ — ఇంకొకరి రొమ్ము మీద చెయ్యి వేసుకుని, సొంత ఇల్లు చేరినట్టు...

"ఇగ చాలక్కా. ఇటియ్యి."

"కడుపు నిండలే పిల్లా. జెర ఆగు."

"నా బిడ్డ నాకియ్యి!"

వజ్రమ్మ ఇచ్చేసింది.

పొద్దువాలేసరికి పాప మళ్ళీ తల్లి పాలు కక్కింది.

మర్నాడు కరుణాకర్ దవాఖానకు తీసుకుపోయాడు. తన పిల్లవాడిని ఎత్తుకుని వజ్రమ్మ కూడా వచ్చింది. నర్సు మార్తమ్మ పాప గొంతు మీద వేలు పెట్టి చూసింది. పాదాల వాపు నొక్కి చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"ఏం తింటున్నవమ్మా?"

లలిత చెప్పింది. చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు.

"బియ్యం యాడియి?"

"మిల్లుయి. మంచి రకం" అన్నాడు కరుణాకర్.

"గదే వచ్చింది తిప్పల. అసలుదంత తవుడుల పోతది, ఇంత మిగిలితే గంజిల పోతది. తల్లి ఒంట్ల లేనిది పాలల్లకు యాడికెల్లి వస్తది?" మార్తమ్మ ఖాళీ అలమార వైపు చూసింది. "రాజ్యం సరిహద్దులు బంద్ చేసినంక మందులు వస్తలెవ్వు. అందాక తల్లి తిండే మందు. దంచిన బియ్యం తిను. గంజి పారబొయ్యకు. జొన్నలు, పప్పులు, ఆకుకూరలు — ఒక్కటే గాదు, దినాం అన్ని ఇన్నిన్ని." ఆమె చూపు వజ్రమ్మ చంకలోని పిల్లవాడి దగ్గర ఆగింది. "గా అమ్మ ఏం తింటదో గదే తిను. నీ పాలు దారికొచ్చేదాక బిడ్డకు గామె పాలే తాపు."

ఊళ్ళో ఇన్ని ఇళ్ళు. ఇన్ని పళ్ళేలు.

ఆ పళ్ళెమే చూపించాలా...

ఇంటికి వచ్చాక అత్త లేచింది. "మేం తినలేదా గీ పథ్యం? మేం పిల్లలను సాదలేదా? పచ్చి బాలింతకు పుంటికూర పెడుతరా ఎవరన్న!" కరుణాకర్ గోడ వైపు చూశాడు. ఆ మిల్లు బియ్యం తెచ్చింది అతనే. మొదటి బిడ్డప్పుడూ అతనే తెచ్చాడు.

వజ్రమ్మ పళ్ళెం తెచ్చి పెట్టింది. వేడి రొట్టె. పప్పుకూర. లలిత చేత్తో పక్కకు జరిపింది.

"ఆకలైతలేదక్కా."

ఆకలి అవుతోంది. కడుపు గుంజుతోంది. కానీ ఆ రొట్టె తుంచితే ఒప్పుకున్నట్టే. వజ్రమ్మ పాలు మంచివని ఒప్పుకున్నట్టే. తన పాలు... మొదటి బిడ్డను తన పాలే...

ఆ మాట దగ్గర ఆగిపోయేది లలిత. రోజూ అక్కడే.

పాపను మాత్రం ఇప్పుడు వజ్రమ్మ ఒళ్ళో పడుకోబెడుతోంది. పడుకోబెట్టి బయటికి పోతోంది. గుటకలు వినలేక.

అలా బయటికి వచ్చిన ఒక సాయంత్రం, కొట్టంలోకి పోయింది. తవుడు బస్తా మూతి విప్పి ఉంది. అసలుదంతా తవుడులో పోతదన్న మాట చెవిలోనే ఉంది. లలిత అటూ ఇటూ చూసింది. గుప్పెడు తీసింది. నోట్లో వేసుకుంది.

పొడి. నోరంతా పొడి. అంగిలికి అంటుకుంది. ఊక ముక్క గొంతులో గుచ్చుకుంది. దగ్గు... కళ్ళలో నీళ్ళు. ఇంకో గుప్పెడు. బర్రె మెడ చాచి చేతిని వాసన చూసింది. లలిత దాని మూతిని నెట్టేసింది.

నీకు చాలు. నువ్వు చాలా తిన్నావు.

"అవునే పిల్లా... బర్రె కాడ గుంజుకుంటున్నవు గని నన్ను అడుగరాదా?"

కుడితి బొక్కెనతో వజ్రమ్మ. గుమ్మంలో నిలబడి ఉంది.

లలిత నోటి నిండా తవుడు. మింగడానికి ఎంతసేపో పట్టింది.

"నిన్ను అడుగ."

"ఎందుకు?"

"నీకన్నీ ఉన్నయి."

వజ్రమ్మ నవ్వింది. నవ్వు సగంలో తెగింది. బొక్కెన కింద పెట్టింది.

"నాకా... పొద్దుమూకంగ నీ మొగడు వచ్చి గొళ్ళెం చప్పుడు జేస్తడు. నేను రెండు చెవులు మూసుకుంట. నీ మీద కండ్లమంట. దినాం. కండ్లమంట నీకొక్కదానికే ఉన్నదనుకున్నవా?"

చెప్పాలనుకోనిదే లలిత నోట్లోంచి వచ్చింది.

"నా కొడుకు... నా పాలతోనే పోయిండు గదక్కా."

వాన. కొట్టం చూరు నుంచి నీళ్ళు. బర్రె నెమరు.

"నీ పాలను ఏమనకు" అంది వజ్రమ్మ. "నీకు పెట్టిన పళ్ళెం గట్లున్నది. అత్తమ్మ బాలింతప్పుడు గీ మిల్లు యాడుండె? గప్పుడు దంచుకున్న బియ్యమే నాయె. ఆమె తిన్న పథ్యంల ఇంత బలముండె. నీ దాంట్ల తెలుపే ఉన్నది."

లోపలికి పోయి రొట్టె తెచ్చింది. సగం తుంచి ఇచ్చింది. సగం తను తిన్నది. ఇద్దరూ బర్రె పక్కన నిలబడే తిన్నారు.

"మూతి తుడుసుకో. తవుడున్నది. అత్తమ్మ చూస్తే బర్రె తిండి కోడలు తినవట్టెనని ఊరంత జెప్తది."

లలితకు నవ్వు వచ్చింది. ఏడుపు వచ్చింది. రొట్టె నములుతుంటే మెల్లగా తీపి ఊరింది. మింగడం కష్టంగా ఉంది. అది అంత రుచిగా ఉండడం ఇంకా కష్టంగా ఉంది.

మంట చల్లారిందా? లేదు. తనకు కండ్లమంట ఉందని అంత సులువుగా చెప్పగలిగింది ఆ మనిషి... ఇప్పుడు ఆ సులువు మీద మంట.

అంతలో విమానాలు వచ్చాయి.

చర్చి గోపురం మీది పావురాలన్నీ ఒక్కసారే లేచాయి. పోలీసు చర్య అన్నారు. రోడ్డు మీద మిలిటరీ లారీలు. రేడియో ఉన్న ఇంటి ముందు జనం. నిజాం లొంగిపోయాడన్నారు. కొన్ని ఇళ్ళలో దీపాలు పెట్టారు. కొన్ని ఇళ్ళు తలుపులే తీయలేదు. మిల్లు యజమాని తాళం వేసి ఎటో పోయాడు. పొగగొట్టం ఆగిపోయింది.

ఇంట్లో తెల్లబియ్యం అడుగంటాయి.

అత్త కుండ అడుగున చెయ్యి పెట్టి చూసుకుంది. అటక మీది రోకళ్ళు తనే దింపింది. ఎవరి ముఖమూ చూడకుండా అంది — "దంచుండ్రి మరి."

ఒక రోలు. రెండు రోకళ్ళు.

ఒకటి లేస్తే ఒకటి పడాలి. ఒకటి పడితే ఒకటి లేవాలి. మొదట్లో లలిత రోకలి తొందరపడేది. వజ్రమ్మ కంటే గట్టిగా, వజ్రమ్మ కంటే ముందు... రోకళ్ళు కొట్టుకునేవి. "రోలు పలుగుతది తల్లీ" అనేది వజ్రమ్మ. రాను రాను కుదిరింది. ఎర్రటి పొర మిగిలిన బియ్యం. దంచిన వాసన. అన్నం వార్చని కుండ. పప్పులో ఆకుకూర. పొద్దున రొట్టె. అత్త కూడా అదే తింటోంది.

వీధిలో అడుగుల చప్పుడు వినబడితే వజ్రమ్మ రోకలి ఆగేది. అడవుల నుంచి మనుషులు తిరిగి వస్తున్నారు. ఎవరెవరి మొగుళ్ళో వస్తున్నారు. అడుగులు ముందుకు పోయేవి. రోకలి మళ్ళీ లేచేది.

గొళ్ళెం చప్పుడు చేయకుండా రమ్మని లలిత భర్తకు చెప్పింది. ఎందుకని అడిగితే, పాప లేస్తుందంది.

పాప ఇద్దరి దగ్గరా తాగుతోంది. పగలు ఆమె, మాపు ఈమె. పాదాల వాపు తీసింది. కక్కడం తగ్గింది. గొంతు మాత్రం...

ఒక పొద్దున, సగం దంచిన బియ్యం మీద రెండు రోకళ్ళూ ఆగిపోయాయి.

లోపల ఏడుపు.

బండి ఇరుసు గీరినట్టు... బొంగురుగా, తెగి తెగి. కానీ ఏడుపు. వజ్రమ్మ కొడుకు ఎదురుగానే ఉన్నాడు, చేటలోని బియ్యం చల్లుకుంటూ.

లలిత రైక తడిసింది.

చూసింది. వజ్రమ్మ రైకా తడిసింది.

ఎవరి పాలు? ఆ గొంతు ఎవరిది? ఈ జన్మకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు.

వజ్రమ్మ గడప వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి రోకలి ఎత్తుకుంది.

"నీ బిడ్డనే. పో."

పోవడం అంత తేలిక కాలేదు లలితకు. గెలిచినట్టు లేదు. వజ్రమ్మ ఇస్తే తీసుకున్నట్టు ఉంది.

పాప నోరంతా తెరిచి ఏడుస్తోంది. గుప్పిళ్ళు బిగించి, గడ్డం వణికిస్తూ. లలిత ఉయ్యాల మీదికి వంగింది. ఎత్తుకోలేదు. రైక ముడి విప్పలేదు.

"ఏడువు..." అంది. "జెర గట్టిగ ఏడువు బిడ్డా..."

బయట ఒక్క రోకలే దంచుతోంది. పడుతోంది... లేస్తోంది... పడుతోంది.

ఆ రోకలి చప్పుడు దాటి, వజ్రమ్మకు వినబడాలి.