సింధూజ పేరు కింద నాలుగక్షరాలు

అన్యాయం ఎవరికి జరిగింది? సింధూజకు. ఎట్లా జరిగింది? నాలుగేళ్లు చదివి సంపాదించిన డిగ్రీలోని చివరి మాటను ఆమె పెళ్లి కార్డులో నుంచి కన్నతండ్రే తీసివేయించాడు.

సింధూజ మా పానగల్ అమ్మాయి. పదో తరగతి దాకా నా దగ్గరే చదివింది. తండ్రి భిక్షపతి ఒకప్పుడు మగ్గం నేసేవాడు, ఇప్పుడు నల్లగొండలో ఒక ఆఫీసులో గుమాస్తా. మా వైపు పెళ్లి కార్డులో వధూవరుల పేర్ల కింద డిగ్రీలు వేయడం తప్పనిసరి. బంధువులు ముహూర్తం కంటె ముందు చదివేది వాటినే. వరుడు కల్వకుర్తి శ్రవణ్‌కుమార్‌ది బి.కాం. సింధూజది బి.ఎ. ఆనర్స్. ఆ ‘ఆనర్స్’ను ఇంగ్లీషులో నాలుగక్షరాలకు కుదించి, చుక్క పెట్టి, డిగ్రీ పక్కన బ్రాకెట్లలో వేస్తారు. అచ్చయిన కార్డు నా చేతికిచ్చిన రోజున సింధూజ పేరు కింద ఒట్టి బి.ఎ. మాత్రమే ఉంది.

“మిగతాది ఏమైంది భిక్షపతీ?” అని అడిగాను.

“నేనే తీసెయ్యమన్న టీచరమ్మా. పిలగానికంటె పిల్ల డిగ్రీ పొడుగుంటె ఎట్ల? మొగపెండ్లోల్లు చిన్నబుచ్చుకుంటరు.”

“పొడవు కొలవడానికి అదేమైనా చీరా?”

“చీరైతే ఫికరే లేకుండె. పొడుగెక్కువైనా ఎవలేమనరు.”

గోడకానుకొని నిలబడ్డ సింధూజ అందుకుంది. “బ్యాండొద్దన్న, డీజే వద్దన్న. గా ఒక్క మాట ఉండనియ్యి బాపూ అన్న. గదే తీసేసినవు.”

“అరే, ఆనర్సంటె మర్యాదకిచ్చేదే గద బిడ్డా! లీడర్లకు ఉత్తగ డాక్టర్ అని ఇయ్యరా, గట్ల.”

ఇక నేను ఊరుకోలేదు. “లీడర్లకిచ్చేది చదవకుండా వచ్చేది. ఇది ఎక్కువ చదివితే వచ్చేది. తోటివాళ్లు మూడేళ్లకే పట్టా పుచ్చుకొని వెళ్లిపోయారు. నీ బిడ్డ మరో ఏడాది ఆగి, ఎకనామిక్స్ ఒక్కటే పట్టుకొని, నూరు మగ్గాల ఇళ్లు తిరిగి, అరవై పేజీల పరిశోధన రాసింది. ఆ ఏడాదికి సాక్ష్యం ఆ నాలుగక్షరాలే. వాటిని కొట్టివేసే హక్కు నీకెవరిచ్చారు?”

“మరి మొగపెండ్లోల్లకు నువ్వు జెప్తవా?”

“చెప్తాను. పద.”

మర్నాడు దేవరకొండ మీదుగా బస్సులో కల్వకుర్తి చేరాము. వరుడి తల్లి సావిత్రమ్మ కార్డును చేయి చాచి దూరంగా పట్టుకొని చదివింది. విషయమంతా నేను వివరించాను.

“ఆనర్సంటె ఏంది టీచరమ్మా?”

“మూడేళ్ల తరువాత ఇంకో ఏడు చదవడం.”

“గంతేనా? మా శ్రవణ్ గాడు గూడ మూడేండ్ల బి.కాం. నాలుగేండ్లు జదివిండు. వానికి గూడ వెయ్యాల్నా?”

లోపలి గదిలో నుంచి వరుడి గొంతు వినిపించింది. “అమ్మా! ఒక్క పేపరే గదనే పోయింది!”

“అవు బిడ్డా, ఒక్కటే. మూడుసార్లు పోయింది.”

తప్పిన ఏడాదికి యూనివర్సిటీ వారు అక్షరాలేవీ నిర్ణయించలేదని నేను విన్నవించాను. సావిత్రమ్మ నవ్వి, భిక్షపతి వైపు తిరిగి, అంతలోనే నవ్వు ఆపేసింది.

“కోడలు జదివింది జూస్తె మేం చిన్నబుచ్చుకుంటమని ఎట్ల అనుకుంటివన్నా? నువ్వు గట్ల అనుకున్నవు జూడు, గందుకు చిన్నబుచ్చుకుంటున్న.”

తిరుగు ప్రయాణంలో భిక్షపతి బస్సులోనే ఫోను తీశాడు. మళ్లీ అచ్చు వేయాలంటే వారం పడుతుందని ప్రెస్సు విజేందర్ ఫోనులో చెప్పాడు. పెళ్లికి మిగిలింది పన్నెండు రోజులు. కార్డులు ఐదువందలు.

“నేనే రాస్త,” అన్నాడు భిక్షపతి.

మరునాడు పొద్దున్నే వాకిట్లో చాప పరిచారు. ఆడవాళ్లు కార్డుల మూలలకు పసుపు పెట్టి అందిస్తున్నారు, అతను నల్ల పెన్నుతో రాస్తున్నాడు. మొదటి కార్డులో ఉత్సాహంకొద్దీ ఆ మాటను సింధూజ పేరుకు ముందే పెట్టేశాడు. అది పేరుకు ముందు తగిలించుకునే బిరుదు కాదనీ, డిగ్రీని అంటిపెట్టుకొని ఉండాలనీ చెప్పి ఆ కార్డును పక్కన పెట్టించాను.

రెండువందలు దాటిన తరువాత అతని చేయి ఆగింది.

“పోయినేడు రిజల్టొచ్చినంక బిడ్డ ఫోన్ జేసింది టీచరమ్మా. ‘బాపూ, నాలుగో యేడు పాసైన’ అన్నది. ‘ఆఁ, మంచిది, బస్సెన్నింటికి?’ అన్న. గంతే. సంబురంగనే ఉండె గని నోట్లెకెల్లి మాట రాలే. గా బాకీ గట్లనే ఉండిపాయె.”

సింధూజ పసుపు చేతులతోనే వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

“అయితే చక్కగ రాయి బాపూ. బ్రాకెట్లు వంకర పోతున్నయ్.”

“నీ అంత చదువు నాకేడిది బిడ్డా! మస్తు జదివినవు నువ్వు.”

ఆ మాట అతను తల ఎత్తకుండానే అన్నాడు. అయినా అందరికీ వినిపించింది. పసుపు గిన్నె పట్టుకున్న పక్కింటి సుక్కమ్మ “జర గట్టిగ జెప్పు, ఎన్కున్నోల్లకు ఇనొస్తలే” అన్నది. ఈసారి తల ఎత్తి, గట్టిగా, మళ్లీ అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు పని పూర్తయింది. పాడైన ఒక్కదాని స్థానంలో ప్రెస్సు వారు అదనంగా ఇచ్చిన కార్డొకటి చేర్చి, ఐదువందల కార్డులనూ ఒక్కొక్కటిగా నేనే సరిచూశాను. ఎక్కడా ఒక్క చుక్కయినా తగ్గలేదు.