పేరు గడిలో పిలుపు

వరద తీసింది కానీ పొగమంచు విడలేదు. బడి మేడమీది గదిలో కంప్యూటర్ల వెలుగు నీళ్లలో దీపంలా ఊగుతోంది. చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయిన వాళ్లను శిబిరాల్లో వెతికిపెట్టే ప్రోగ్రాం ఆ గదిలోనే తయారవుతోంది. వివరాలను ఏ పద్ధతిలో దాచాలో మధ్యాహ్నంలోగా వదిన తేల్చాలి. శిబిరాలన్నీ వాడటం మొదలుపెట్టాక మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

మరిది కూడా అక్కడే పనిచేస్తుండటంతో గదిలో అందరికీ ఆమె వదినే అయింది. మరిదిది డాక్యుమెంట్ డేటాబేస్ పక్షం. మనిషికో పత్రం, వయసూ మందులూ బంధువులూ అన్నీ అందులోనే. ఏ శిబిరం ఎలా రాసినా ఇముడుతుంది. వదిన మనసు నాలెడ్జ్ గ్రాఫ్ మీద ఉంది. అక్కడ మనిషి ఒక చుక్క, ఇద్దరి మధ్య సంబంధం ఒక గీత. అయితే అన్ని గీతలు అడిగి రాసే తీరిక ఎవరికుంటుందని ఆమెకు బెంగ.

"నువ్వు సాలెగూడు అల్లుకుంటూ కూర్చో వదినా, ఈలోగా నేను ఊరంతా ఎక్కించేస్తా," అన్నాడు మరిది.

"ఎక్కించు నాయనా. ఎవర్ని ఎవరి దగ్గర దించుతావో అదీ చూస్తా."

అప్పుడే ఒక ముసలి దర్జీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. పడవల దగ్గర విడిపోయిన అక్క కోసం తిరగని శిబిరం లేదట. ఆమె తప్ప ఆయనకు నా అన్నవాళ్లు లేరట. పరీక్షకని ఇప్పటికే ఎక్కించిన వాటిలో మరిది ఆయన పత్రం తెరిచాడు. బంధువు పేరు గడిలో "అక్క" అని ఉంది. రాసినవాళ్లు పిలుపునే పేరనుకున్నారు. దర్జీ చెప్పిన అసలు పేరుతో వెతికితే ఏ పత్రమూ దొరకలేదు.

వదిన కిటికీ వైపు చూసింది. మంచులో జనం బారులు తీరి నిలబడ్డట్టు, ఒక్కొక్కరి చేతిలో తెగిన దారపు కొస ఉన్నట్టు, మొహాలు మాత్రం చెరిగిపోయినట్టు తోచింది.

"పేరు ఉండనీ బాబాయ్. ఆవిడతో పడవెక్కింది ఎవరు?"

బేకరీ ఆయన కూతురని దర్జీ చెప్పాడు. ఆ పిల్ల పత్రంలో బంధువు గడిలో "పిన్ని, కంటి ఆసుపత్రి" అని ఉంది. ఇప్పుడు శిబిరంగా మారిన ఆ ఆసుపత్రి పత్రాల్లో నిజంగానే "పిన్ని" పేరుతో ఒక ముసలావిడ ఉంది. జ్వరంతో నోట మాట లేకపోతే, చేర్పించిన పిల్ల వరస కలిపి పిలిచినట్టే రాసుకున్నారు.

వదిన బోర్డు మీద మూడు చుక్కలు పెట్టి గీతలు కలిపింది. "అక్క అనేది ఆవిడలో లేదయ్యా. ఈయనకీ ఆవిడకీ మధ్యలో ఉంది. దాన్ని పత్రంలో కుక్కితే ఇదిగో, ఇలాగే తప్పిపోతుంది. గ్రాఫే పెడదాం."

మరిది బోర్డు దగ్గరికొచ్చి ఒక గీత మీద వేలు పెట్టాడు. "మరి గీతలు ఎవరు రాస్తారు?"

"అడిగితే వాళ్లే చెప్తారు. ఒక ప్రశ్న ఎక్కువవుతుంది, అంతే."

ఆసుపత్రి నర్సుకు ఫోన్ చేస్తే, ఆవిడకి జ్వరం తగ్గిందంది. తరవాత దర్జీ చెవి దగ్గర పెట్టిన ఫోన్‌లో ఒక నీరసమైన గొంతు, "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా," అని మొదలుపెట్టి తిడుతూనే ఉంది. దర్జీ మెట్టు మీద కూలబడి, తల వంచుకుని, ఒక్క తిట్టూ జారిపోకుండా విన్నాడు.