విరగ్గొట్టే పని

సైదమ్మత్త వేయించి తీసిన జొన్న సకినాలను నేను ఒక్కొక్కటే పుటుక్కున విరిచి నీలం తొట్టిలో వేస్తున్నాను. అన్నీ సరిగ్గా సగానికే విరిగితే అనుమానం వస్తుందట. మధ్య మధ్యలో మూడు ముక్కలు చేయమంది అత్త.

మన్సూరాబాద్‌లో అత్త వాళ్ల ఇంటి కింది భాగమంతా మా సకినాల కంపెనీ. అత్త చేతి రుచిని నమ్ముకుని ఆమె కూతురు సౌజన్యక్క పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా దుకాణాలకు సరుకు పోతుంది. ఆర్డర్లు పెరిగాక అక్క భర్త జగన్ సార్ ఉద్యోగం మాని మేనేజర్‌గా వచ్చాడు. ఆయన వచ్చాకే ప్రతి సకినం ఒక్క తీరుగా, ప్రతి ప్యాకెట్ ఒక్క బరువుగా అయింది. అది నిజం. కొత్త రకం చేయాలంటే మాత్రం ఆయనకు కాగితం రాసివ్వాలి, ఆయన రెండు నెలలు ఆలోచించాలి.

అత్తకు రాయడం రాదు. అల్లుడికి ఎదురుపడి మాట్లాడే అలవాటూ లేదు. ఆయన రాగానే కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరుగుతుంది. ఏదైనా చెప్పాలంటే పక్కన పనిచేసే నాకు చెబుతుంది, ఆయన పక్కనే నిలబడి ఉన్నా సరే.

విరిగిన సకినాలు పనివాళ్లవి. ఇది మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ, వాటి లెక్క ఎవరూ అడగరు. అందుకే అత్త కాగితం లేకుండానే కొత్త రకాలు చేస్తుంది, నేను విరగ్గొడతాను, ఆడవాళ్లు ఇళ్లకు పట్టుకుపోయి చుట్టుపక్కల వాళ్లకూ పంచుతారు. పిల్లలు ఏవి వదిలేశారని మర్నాడు అత్త ఆరా తీస్తుంది. అవిసెగింజలవి వదిలేశారు. జొన్నవి గుమ్మం దాటకముందే అయిపోయాయి.

ఆ రోజు జగన్ సార్ గుమ్మంలోంచే నిండిన తొట్టి చూశాడు. కోప్పడలేదు. అత్తమ్మకు పెద్దతనం వచ్చింది, చెయ్యి వణుకుతున్నట్టుంది, సోమవారం నుంచి పొయ్యి దగ్గరికి రానివ్వొద్దని అక్కతో మెల్లగా అన్నాడు. గోడవైపు తిరిగి ఉన్న అత్త వీపు బిగుసుకుంది.

అప్పుడే వనస్థలిపురం దుకాణందారు గోపయ్య వచ్చి, విరిగిన జొన్న సకినాలు పది కిలోలు కావాలన్నాడు. అసలు జొన్నవి చేయడమే లేదని సార్ చెప్పాడు.

"చెయ్యకుంటే ఇరిగినయెట్ల సారూ? నమ్మకుంటే దుకాణంకొచ్చి సూడు, ఎంతమంది అడుగుతున్నరో."

అందరూ నావైపు చూశారు.

"అత్త చేస్తది, నేను ఇరగ్గొడ్త," అన్నాను.

"అల్లునికి చెప్పు పిల్లా," అంది అత్త గోడతో. "నా చెయ్యి వణుకుతలేదు. పొయ్యి ఇడిచిపెట్ట."

సౌజన్యక్క నవ్వు ఆపుకోవడానికి కాసేపు పట్టింది.

"ఒక పొయ్యి అమ్మది," అంది భర్తతో. "దాని మీద ఆమె ఏం చెడగొట్టినా అడగకు. గిరాకీలు అడిగిన రకం మటుకు నీ చేతికొస్తది. కొలత, బరువు నీ ఇష్టం."

పది రకాలు చేస్తే ఎన్ని చెడతాయో తెలియాలన్నాడు సార్.

"తొమ్మిది పోతయని చెప్పు," అంది అత్త నాతో.

ఆయన ముఖం అవిసెగింజ నమిలినట్టయింది. అత్త ఒక నిండు జొన్న సకినాన్ని వెనక్కి చాపింది. నేను అందించాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చుట్లు లెక్కపెట్టాడు. కొరికాడు. ఇంకోటి తీసుకుని మొత్తంగా నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు ఉబ్బి ఉండగానే చెప్పులేసుకుని, గోపయ్య బండి వెనక ఎక్కి దుకాణం చూడ్డానికి వెళ్లిపోయాడు.