గోపాలు స్లైడు

మా వెంకటనారాయణ మామయ్య లెక్కలో రక్తహీనత ఒక్కటే రకం, దానికి మందూ ఒక్కటే. నల్ల సూది. అంటే ఇనుము ఇంజెక్షను. వేసినచోట నెలల తరబడి మచ్చ ఉంటుంది. ఆ మచ్చే వైద్యం జరిగినట్టు సాక్ష్యం. మామయ్య గుంటూరు వైపు నుంచి మిరప వేయడానికి వచ్చి, మణుగూరు దగ్గర అడవి అంచున పాతిక ఎకరాలు చేసుకున్నాడు. ఎక్కడో ఓ కాంపౌండరు పక్కన ఆరు నెలలు సూదులు ఉడకబెట్టిన అనుభవంతో వసారాలో బల్ల వేసి డాక్టరయ్యాడు. కింది రెప్ప లాగి చూడ్డం, "రక్తం లేదు" అనడం, పొడవడం. ఈ మూడు పనులకూ చదువెందుకు?

నేను ఆయన మేనకోడల్ని, హైమని. ఆ ఊరి సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ని. మామయ్య నన్ను "గాజుముక్కలు కడిగే పిల్ల" అనేవాడు. నేనేమనుకునేదాన్నో ఇక్కడ రాయను.

ఆయనకు చెప్పి చూశాను కూడా. గూడెం నుంచి వచ్చే ముత్తక్కకు రక్తం లేకపోవడానికి కడుపులో కొంకిపురుగులు కారణం, చెప్పుల్లేకుండా తిరిగితే కాళ్ళలోంచి ఎక్కుతాయి, ముందు పురుగుల మాత్ర ఇవ్వాలని. ప్రమీలారాణి అత్తయ్యకు నెలనెలా ఎక్కువ పోతోంది, పైగా అన్నం తినగానే టీ, ఇనుము ఒంటికి పట్టదని. ముత్తక్కను నల్ల సూదితో పొడిచాడు. సొంత పెళ్ళాం కదా, అత్తయ్యకు మాత్రం మాత్రలు తెప్పించాడు. తెలివి అంతమాత్రం ఉంది.

ఎనభై ఎనిమిది ఏప్రిల్‌లో అడవిలోని గూడెం నుంచి బొజ్జయ్య తన కూతురు భీమక్కను దవాఖానాకు తీసుకొచ్చాడు. పద్నాలుగేళ్ళ పిల్ల, పదేళ్ళ దానిలా ఉంది. ఒళ్ళు కాలుతోంది. మలేరియా పరీక్షకు రక్తం తీస్తుంటే కళ్ళు చూశాను. పచ్చగా ఉన్నాయి.

"కామెర్లని పసరు పోయించిన. డాక్టర్ సారు పది నల్ల సూదులేసిండు. రక్తం పట్టిందట, వారంల బీడీల తునికాకు కొయ్యనీకి తోల్కపొమ్మన్నడు," అన్నాడు బొజ్జయ్య.

"నొప్పులున్నయా?"

"కాళ్ళు, చేతులు గుంజుతయమ్మా. రాత్రంత ఏడుస్తది."

పిల్ల వేలికి దారం బిగించి కట్టి, ఐదు నిమిషాలాగి పొడిచాను. చుక్కను గాజు మీద వేసి పలచటి అద్దం మూశాను. గాలి చొరకుండా అంచుల చుట్టూ అత్తయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న గోళ్ళరంగు పూశాను. పట్నంలో చదువుకున్నప్పుడు ఒక్కసారి చూపించిన పరీక్ష అది. సాయంత్రం మైక్రోస్కోపులో చూస్తే గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవళ్ళలా వంగిపోయి ఉన్నాయి.

ఇది తిండి తక్కువై వచ్చే జబ్బు కాదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ పుట్టుకతో వస్తుంది. రక్తం తయారవుతూనే ఉంటుంది, కానీ వంగిన కణాలు తొందరగా విరిగిపోతాయి, సన్నటి నాళాల్లో అడ్డం పడతాయి. అందుకే పచ్చకళ్ళు, అందుకే నొప్పులు. విరిగిన కణాల్లోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది. దాని మీద ఇంకా ఇనుము పొడిస్తే కాలేయం పాడవుతుంది. ఫోలిక్ మాత్రలు, కడుపునిండా నీళ్ళు, విశ్రాంతి, మరీ తగ్గితే రక్తం ఎక్కించడం. చేయగలిగింది అంతే. ఎండలో దాహంతో ఆకు కోయిస్తే చంపడమే.

మామయ్యకు చెప్పాను. పకపకా నవ్వాడు.

"ఏమే, రక్తంలో కొడవళ్ళుంటాయా? రేపు నాగళ్ళు కూడా కనిపిస్తాయి నీకు. ఈ అడవోళ్ళకు తినడం తెలీదు, అదే రోగం."

బొజ్జయ్య గూడేనికి నడిచి వెళ్ళి చెప్పాను. మర్యాదగా తలూపాడు. పది సూదులు పొడిచిన మనిషి మాట ఎక్కువా, గాజుముక్క చూసిన పిల్ల మాటా? తునికాకు కొనే కల్లం తెరిచిన మూడో రోజున, ఆకు కోతకు పోయిన భీమక్కను మంచం మీద మోసుకొచ్చారు. ఊపిరి ఎగబీలుస్తోంది, నడుం నొప్పికి మెలికలు తిరుగుతోంది. మా దవాఖానా జీపులో కొత్తగూడెం తీసుకెళ్ళాం. సెలైను పెట్టారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. బతికింది.

మామయ్య ఏమన్నాడో తెలుసా? "నా సూదులే లేకపోతే ఆ మాత్రం కూడా నిలిచేది కాదు." ఆయన మొహం చూడాలంటేనే నాకు ఒళ్ళు మండింది. ఊరంతా వినేలా ఆయన అజ్ఞానాన్ని దులిపేశాను. అత్తయ్య ఏడ్చింది. నాకు మాత్రం చాలా హాయిగా ఉంది.

పది రోజులకు బొజ్జయ్య ఇప్పపూలు మూటగట్టుకుని దవాఖానాకు వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

"నువ్వే కనిపెట్టినవమ్మా. మా గోపాలుకు గూడ గిట్లనే కాళ్ళు గుంజేటియి. నిరుడు వానలల్ల పోయిండు. గప్పుడు నువ్వు ఈడ లేకుంటివి గావచ్చు."

నేను ఆ ఊరికి వచ్చి మూడేళ్ళయింది.

లోపలికి వెళ్ళి పాత రిజిస్టరు తీశాను. 'గోపాలు, తండ్రి బొజ్జయ్య, పదకొండేళ్ళు, జ్వరం, కాళ్ళ నొప్పులు. పురుగు లేదు.' రాత నాదే. మలేరియా పురుగు లేదని నేను తేల్చిన స్లైడ్లలో పదింట ఒకటి మళ్ళీ చూడ్డానికి పైకి పంపేవాళ్ళం. గోపాలుది అలా వెళ్ళి, సరే అని టిక్కు పెట్టించుకుని తిరిగొచ్చి, బీరువాలోని చెక్కపెట్టెలో ఉంది.

మైక్రోస్కోపు కింద పెట్టాను. వెతకాల్సిన పని కూడా పడలేదు. పలచగా పరిచిన రక్తం నిండా కొడవళ్ళే. ఆ రోజు కూడా అక్కడే ఉన్నాయి. నేను పురుగు కోసం చూశాను, పురుగు లేదు, తర్వాతి స్లైడు తీసుకున్నాను. వాడి కళ్ళు పచ్చగా ఉన్నాయో లేదో నాకు గుర్తులేదు. వాడి మొహమే గుర్తులేదు. మామయ్య కనీసం రెప్పలాగి చూసి ఉంటాడు.

బయట బొజ్జయ్య ఇంకా కూర్చునే ఉన్నాడు. స్లైడు చేత్తో పట్టుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"అప్పుడు నేను ఈడనే ఉన్న, బొజ్జయ్యా," అన్నాను.