గడ్డం దొరకు పడని దండ

గ్లెన్‌కార్న్ టీతోట మేనేజరు దమిత్ ఎల్లెపొల పుట్టిందీ పెరిగిందీ కొలంబోలోనే. కానీ అతిథులొచ్చిన రోజున స్కాట్లాండు వాడైపోయేవాడు. అక్కడి మగవాళ్లు కట్టే గళ్ల పావడా కట్టుకుని, హట్టన్ కొండల చలికి మోకాళ్లు గడగడలాడుతుంటే, తెల్లవాళ్ల కాలంలో ఆ తోట వేసిన మెక్‌ఆస్కిల్ దొర తన సొంత తాతే అయినట్టు గొప్పలు పోయేవాడు. ఆ గడ్డం దొర బొమ్మ టీ డబ్బాల మీద కూడా ఉండేది.

పేచియమ్మకు ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. వేళ్లు నల్లబడేదాకా ఆకు కోసిన మనిషి. ముసలితనంలో ఇప్పుడామె పని, ఎర్రచీర కట్టి, ఖాళీ బుట్ట తగిలించుకుని ఫొటోలకు నవ్వడం.

ఆ రోజు మెక్‌ఆస్కిల్ వంశంవాళ్లే వచ్చారు. దమిత్ ఆమె చేతికి బంతిపూల దండ ఇచ్చాడు.

"పేచీ, దొరగారి సమాధికి వేసి దండం పెట్టు. మీకు అన్నం పెట్టిన దేవుడాయన."

"ఎవరు దొరా దేవుడు? అడవి నరికిందీ, జ్వరాలొచ్చి చచ్చిందీ మా తాతలు. ఆయన గుర్రమెక్కి చూశాడు."

"చరిత్ర నాకు చెప్పకు. పద."

పేచియమ్మ పాలరాతి సమాధి దాటి నడిచింది. అవతల ఓ బండ పక్క వాలులో ఆమె తల్లిని పూడ్చారు. కాన్పులో నెత్తురు ఆగక చనిపోయింది. ఆమె మీదే తర్వాత టీమొక్కలు నాటేశారు. పేచియమ్మ ఆ పొదకు దండ వేసి, గొంతుక్కూర్చుని, "అమ్మా" అని భోరుమంది. ఏడుస్తానని తనూ అనుకోలేదు.

కెమెరాలు టకటకలాడాయి. దమిత్ చెమట తుడుచుకుంటూ, తోటలో మొదటి మొక్కకు పూజ చేయడం ఇక్కడి ఆచారమని ఇంగ్లీషులో ఓ కోత కోసేశాడు. అతిథులు మురిసిపోయారు. ఆ మాత్రం ఇంగ్లీషు పేచియమ్మకు అర్థమవుతుంది.

మర్నాడు ఆమెను బంగళాకు పిలిపించాడు. "అదిరిపోయింది పేచీ! ఇకమీదట అందరికీ ఇదే చేసి చూపించు. ఆ ఏడుపు మాత్రం వదలకు."

"మీ అమ్మ ఉందా దొరా?"

"ఉంది. ఏం?"

"ఆమె పోయాక మీరే ఈ పావడాలో కూర్చుని ఏడవండి. ఫొటో తీయడానికి నేనొస్తా."

బుట్ట మెట్ల మీద పడేసి వచ్చేసింది.

తర్వాతొచ్చిన అతిథులకు ఇంకొకావిడ ఏడ్చింది. వాళ్లకు నడక తగ్గాలని దండ రోడ్డు పక్క పొదకు వేయించారు. పేచియమ్మ మాత్రం ఎవరూ లేనప్పుడు వాలు దిగి, తల్లి దగ్గర కాసేపు కూర్చుని వచ్చేది.