తేలిన కాలు

అతనికి గంజిబాబు అని పేరు పెట్టింది లాండ్రీ ఆవిడ. చొక్కాకే కాదు, మెడకీ మాటకీ నవ్వుకీ కూడా గంజి పెట్టుకుని తిరుగుతున్నాడని ఆవిడ అభిప్రాయం. పేరు అతికినట్టు సరిపోయింది కాబట్టి మనమూ అదే ఖాయం చేసుకుందాం. జేబు మీద నల్ల బిళ్ళలో మాత్రం అతని ఇంటిపేరుకి ముందు 'ఎల్డర్' అని ఉండేది. పెద్ద అని దాని అర్థం. రావాలా వద్దా అని మీసమే ఇంకా తేల్చుకోని కుర్రాడికి ఆ బిరుదు. మోర్మన్లనే క్రైస్తవ శాఖలో ఆ వయసు మగపిల్లలు రెండేళ్ళపాటు ఇల్లు వదిలి, తెల్లచొక్కా వేసి టై కట్టుకుని, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో తలుపులు తట్టి దేవుడి గురించి చెప్పాలి. వినేవాళ్ళు దొరకరు. మొహం మీద తలుపు వేసేవాళ్ళు మాత్రం దండిగా దొరుకుతారు.

పొద్దున లేవగానే ప్రార్థన, తర్వాత చదువు, తర్వాత గుడ్డూ రొట్టే, ఆపైన సైకిలెక్కి తలుపుల వేట. కాఫీ, టీ నిషేధం. సినిమాలు లేవు. ఇంటికి ఫోను సోమవారం మాత్రమే. ఇవన్నీ గంజిబాబు తు.చ. తప్పకుండా పాటించేవాడు, భక్తితో కాదు, ఎవడూ తనని వేలెత్తి చూపకూడదని. తలుపు వేసేవాళ్ళంటే అతనికి చులకన, తెరిచేవాళ్ళంటే ఇంకా చులకన. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన వీళ్ళని ఆప్యాయంగా కూర్చోబెట్టి, దేవుడి ఊసు రానివ్వకుండా తన మోకాలి నొప్పి గురించే చెప్పేవాడు. జిరాక్సు షాపాయన వీళ్ళిచ్చిన నీలం అట్ట మతగ్రంథాన్ని రెండు చేతులా అందుకుని, ఊగుతున్న బల్లకాలి కింద పెట్టాడు. గంజిబాబు దానికి బాధపడలేదు. వీడి మొహానికి ఇంతకన్నా ఏం చేస్తాడులే అనుకున్నాడు.

అందరికన్నా ఎక్కువ చులకన తన తోడువాడి మీద. మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి, స్నానాల గదిలో తప్ప ఒకరి కంటికి ఒకరు దూరం కాకూడదు. ఇతనికి తగిలినవాడు మనిషి బీరువాలా ఉంటాడు, మనసు మాత్రం వెన్న. ప్రార్థిస్తే ఏడుస్తాడు, పాట పాడితే ఏడుస్తాడు, బస్సు డ్రైవరు మోకాలికి కూడా ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీదుకుని, "తమ్ముడూ, ఎంత బాగుందో కదా" అంటాడు. వయసులో నాలుగు నెలలు పెద్దయినంత మాత్రాన ఆ తమ్ముడేమిటో. రెండు ఇనుప మంచాలు, గోడవైపు తెరుచుకునే ఒక కిటికీ ఉన్న ఆ గదిలో వాడి గురక వింటూ, వాడి సాక్సులు దాటుకుంటూ బతకడమే పెద్ద తపస్సు. గంజిబాబు మనసులో వాడి పేరు ఏడుపుగొట్టు. ఇలాంటివాడితో దేవుడు మాట్లాడుతున్నాడంటే ఆయనకీ వేరే పని లేదు కాబోలు అనుకునేవాడు.

అందులో అసూయ ఉంది. ఒప్పుకునే రకం కాదు మనవాడు. అసలు సంగతి ఏమిటంటే, ఊరంతా తిరిగి నమ్మమని చెబుతున్న ఈ పెద్దమనిషికి నమ్మకం లేదు. వాళ్ళ నాన్న వాళ్ళ ఊరి సంఘంలో పేరున్నవాడు. అన్న ఈ రెండేళ్ళూ చేసి వచ్చినవాడు. మొదటిసారి ఒక మనిషికి బాప్తిస్మం ఇస్తూ నీళ్ళలో నిలబడినప్పుడు గుండెలో దీపం పెట్టినట్టయిందనీ, ఆ తర్వాత అనుమానమన్నదే లేదనీ అన్న పండగలా చెప్పేవాడు. ఇతనూ మోకాళ్ళు అరిగేలా ప్రార్థించాడు. గోడ పలికితే కదా. చివరికి తనకు తానే ఒక షరతు పెట్టుకున్నాడు. తన చేత్తో ఒక్క బాప్తిస్మం. ఆ నీళ్ళలో ఏదైనా జరిగితే సరే. జరగకపోతే మర్నాడు నాన్నకి ఫోన్ చేసి వచ్చేస్తున్నానని చెప్పెయ్యడం. ఆ మాటకి నాన్న మొహం ఎలా మాడిపోతుందో అతనికి తెలుసు. అయినా లేని సరుకు అమ్ముకుంటూ తిరగడం కన్నా అదే నయం అనుకున్నాడు.

సోమవారం వాళ్ళకి బట్టలు ఉతుక్కునే రోజు కూడా. సందు చివర లాండ్రీలో నాలుగు మెషీన్లు జ్వరం వచ్చినట్టు వణుకుతూ ఉండేవి. కౌంటరు వెనక ఆవిరిలో ఆవిడ ఇస్త్రీ చేస్తూ ఉండేది. భర్త పోయాక షాపు తనే నడుపుకుంటోంది. మొదటి రోజే గంజిబాబు కాలరు వేళ్ళతో పట్టుకుని, దేవుడి మాట చెప్పే ముందు మెడ రుద్దుకోమని సలహా ఇచ్చింది. చెప్పేదేదో చెప్పుకోండి, నా చేతులకి పనుంది గానీ చెవులు ఖాళీయే అంది. వాళ్ళు చెప్పారు. కుటుంబాలు చావుతో తెగిపోవనీ, అవతల మళ్ళీ కలుస్తాయనీ అన్నచోట ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. మా ఆయనతో తేల్చుకోవాల్సినవి చాలా మిగిలిపోయాయి, దీని సంగతి చూడాలి అంది.

కొన్ని వారాలయ్యాక ఆవిడ గంజిబాబుని సూటిగా అడిగింది. "ఇదంతా నువ్వు నమ్ముతావా అబ్బాయ్?"

అతను శిక్షణలో నేర్పిన వాక్యాన్ని గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పాడు. ఆవిడ విన్నంతసేపు విని, టేపు రికార్డరు బాగానే పనిచేస్తోందంది. అదే ప్రశ్న రెండోవాణ్ణి అడిగింది. వాడు నోరు తెరిచాడు, మాట రాలేదు, కళ్ళమ్మట నీళ్ళు మాత్రం వచ్చాయి. "వీడు నమ్ముతాడు," అని తేల్చేసి, ఆవిడ దుప్పటి మడత పెట్టుకుంది. గంజిబాబుకి ఒళ్ళు మండింది. ఏడిస్తే చాలు నమ్మకం అనుకునే మనిషికి నమ్మకం గురించి ఏం తెలుసు?

బాప్తిస్మానికి ఆవిడ ఒప్పుకుంది గానీ ఒక పేచీ వచ్చింది. రోజంతా నీళ్ళతోనే పని, ఆ నీళ్ళంటేనే ఆవిడకి హడల్. చిన్నప్పుడు కాలవలో పడితే ఎవరో జుట్టు పట్టి లాగారట. అప్పటినుంచి ఈనాటి వరకు చెంబుతో పోసుకోవడమే తప్ప తల నీళ్ళలో పెట్టింది లేదు. వీళ్ళ పద్ధతిలో మనిషిని మొత్తంగా ముంచాలి. కాలివేలు గానీ జుట్టుకొస గానీ పైన మిగిలితే చెల్లదు, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. అది చూడ్డానికి ఇద్దరు సాక్షులు నిలబడతారు. ఈ నియమం గంజిబాబుకి మొదటినుంచీ నవ్వులాటగానే ఉండేది. ఇంత లోకాన్ని పుట్టించినవాడు కాలివేళ్ళు తనిఖీ చేస్తూ కూర్చుంటాడా?

ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది. "ఒక్కసారే. రెండోసారి అన్నారో, అక్కణ్ణించే ఇంటికి పోతా. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

ముంచేది తనేనని గంజిబాబు ముందే చెప్పేశాడు. ఏడుపుగొట్టు సంతోషంగా తలూపాడు. వాడికి అడగడం కూడా రాదు.

ఆదివారం వచ్చింది. వాళ్ళ ప్రార్థనాలయం టైర్ల షాపు మీద అద్దె హాలు. వెనక గదిలో ఫైబరు తొట్టి, దాంట్లోకి దిగడానికి మెట్లు, నింపడానికి పంపు నుంచి గొట్టం. స్థానిక సంఘపెద్ద వృత్తికి తాళాలు బాగుచేసే మనిషి. ఆయనొక సాక్షి, ఏడుపుగొట్టు రెండో సాక్షి. ఆవిడ తెల్ల అంగీ తనే ఉతికి, తనే ఇస్త్రీ చేసి తెచ్చుకుంది. గంజిబాబు తెల్లబట్టల మీద మాత్రం ముడత చూసి మూతి విరిచింది. ఆ తర్వాత నీళ్ళు చూసింది.

మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. నడుము లోతు నీళ్ళలో అతని మణికట్టు పట్టుకున్న పట్టుకి చెయ్యి తిమ్మిరెక్కింది. అతను కుడిచెయ్యి ఎత్తి, చెప్పాల్సిన మాటలు పొల్లు పోకుండా చెప్పాడు. ఇప్పుడు, అనుకున్నాడు. ఇప్పుడే. ఆవిడని వెనక్కి వాల్చి ముంచాడు.

ఏమీ జరగలేదు. దీపమూ లేదు, దివిటీ లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నడుము పట్టేసింది, అంతే. అయితే రేపు ఫోన్ చేసెయ్యడమే అని అనుకుంటూనే అతను చూశాడు. గాలి నిండిన అంగీ అంచు ఉబ్బి, దాంతోపాటు ఆవిడ ఎడమ కాలు పైకి లేచింది. మడమ దాకా బయటికొచ్చి, వేళ్ళు విప్పుకుని, మళ్ళీ దిగిపోయింది.

ఆవిడ దగ్గుతూ లేచింది. మొహమంతా నీళ్ళు, జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. "అయిపోయిందా? బతికే ఉన్నానా?" అని నవ్వింది. ఆవిడ నవ్వగా అతను ఎన్నడూ చూడలేదు. తాళాలాయన ఆ సమయానికి కారుతున్న గొట్టాన్ని కాలితో తొక్కిపట్టి చూస్తున్నాడు. తలెత్తి, సరిపోయిందన్నట్టు తలూపాడు. ఏడుపుగొట్టు ఇటు తిరిగి చేతిరుమాలులో మొహం పెట్టుకుని ఉన్నాడు. వాడూ తలూపాడు. సాక్షులట, సాక్షులు.

చూసింది తనొక్కడే. రేపో మాపో పెట్టె సర్దుకుని పోయేవాడు, నమ్మని నియమం, ఎవరికీ తెలియని కాలు. ఆవిడ అప్పుడే మెట్టు మీద పాదం పెట్టింది. తువ్వాలు అందుకోబోతోంది. ఊరుకుంటే అందరికీ హాయి. గంజిబాబు ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ అది మింగుడు పడలేదు.

"అమ్మా, ఎడమ కాలు తేలింది," అన్నాడు. "చెల్లదు."

తాళాలాయన నసిగాడు. నేను చూడలేదు బాబూ, మేం సరేనన్నాం కదా, పెద్దావిడని ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నాడు. నిజానికి ఆయన జాలితోనే అన్నాడు, అయినా ఆ క్షణంలో గంజిబాబుకి ఆయన మీద కోపం ముంచుకొచ్చింది. ఇంత తేలిగ్గా తీసుకుంటారా దీన్ని? ఆ కోపం ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే అంతుపట్టలేదు.

ఆవిడ మెట్టు మీద కూలబడింది. ఒక్కసారే అన్నానా లేదా అంది. అన్నారు అన్నాడు. ఇంకెవరు చూశారంది. ఎవరూ చూడలేదన్నాడు.

"మరి నోరు మూసుకోవచ్చుగా?"

"మూసుకుందామనే అనుకున్నానమ్మా. నా వల్ల కాలేదు."

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. మరక పోయిందా లేదా అని చొక్కాని వెలుతురుకి పట్టి చూసినట్టు చూసింది.

"అయితే నమ్ముతున్నావన్నమాట," అంది.

శిక్షణలో నేర్పిన వాక్యం నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. ఇదా? అన్నకి గుండెలో దీపాలు వెలిగితే, తనకి ఒక ముసలావిడ మడమా? ఇన్ని నెలలు మోకాళ్ళ మీద దేబిరించింది దీనికోసమా? అతనికి సిగ్గేసింది, నవ్వొచ్చింది, భయం కూడా వేసింది.

"అలాగే ఉందమ్మా," అన్నాడు.

"ఏడ్చినట్టుంది నీ మొహం," అని ఆవిడ లేచి నిలబడింది. తువ్వాలు పక్కన పడేసింది. "నువ్వు బయటికి రా. వాణ్ణి దిగమను. పట్టు గట్టిగా ఉంటుంది. నువ్వు నా కాలు చూడు. జనంలో తప్పులు చూడ్డం తప్ప నీకేం వచ్చు?"

అంత కాలం కాచుకున్న బాప్తిస్మం చేతిలోంచి జారిపోయింది. అతను పైకి వచ్చి, నీళ్ళు కారుతున్న బట్టలతో తొట్టి అంచు పట్టుకుని వంగాడు. ఏడుపుగొట్టు ఒంటి మీది తెల్లచొక్కాతోనే, బూట్లు విప్పి దిగాడు. దిగుతూనే ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాల్సిన మాటలన్నీ ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. ఎన్నాళ్ళుగానో పక్కన ఉంటూ, వాడి గొంతు ఇంత నిబ్బరంగా ఉంటుందని గంజిబాబు గమనించనే లేదు. అంతలో తన కళ్ళే మసకబారాయి. ఇప్పుడా, అని తన మీద తనకే చీదర పుట్టింది. చూడాలి కదా. తడిచేత్తో కళ్ళు గట్టిగా తుడుచుకున్నాడు.

ఆవిడ వెనక్కి వాలింది. తల, భుజాలు, మోకాళ్ళు. ఎడమ పాదం నీటికింద ఒక్క క్షణం ఊగిసలాడి, వేళ్ళు ముడుచుకుని అడుగుకి చేరింది.

"మునిగిందమ్మా, మొత్తం మునిగింది," అన్నాడు, ఆవిడకి వినపడదని తెలిసి కూడా.

మర్నాడు లాండ్రీలో బట్టలు తిరుగుతుండగా నాన్నకి ఫోన్ చేశాడు. నాన్న మొదటి ప్రశ్నే అది, బాప్తిస్మం అయిందా అని. అయిందన్నాడు.

"నీ చేత్తోనేనా?"

"కాదు నాన్నా. నేను చూశాను."

చూడ్డానికేనా అంత దూరం పంపింది అన్నాడు నాన్న, నొచ్చుకున్నట్టుగా. గంజిబాబు జవాబు వెతుక్కునే లోపు కౌంటరు వెనక నుంచి ఆవిడ కాలరు ఎత్తి చూపిస్తూ, ఈ మెడ ఈ జన్మలో తెల్లబడదు, వచ్చే వారం సబ్బు వేరేది తెచ్చుకో అని కేకేసింది.

"సరేనమ్మా, వచ్చే వారం తెస్తాను," అన్నాడు.